మా రేవు దారి ఆరు సెంట్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

కిందటి వారం మీ జిల్లా పేజీలో, మేం నావ ఎక్కే మా రేవు గురించి, ఆ రేవు దారి ఒకరి కంచెలో పడిపోయిన గొడవ గురించి వార్త వేశారు. సంతోషం. ఇన్నేళ్లకు ఎవరో ఒకరు ఇటు తొంగి చూశారు. కానీ పైన ‘రేవు స్థలంపై ఇరువర్గాల వివాదం’ అని పెట్టారు. అది చదివి మా సంఘంలో ఆడవాళ్లు ‘మనం ఏ వర్గం అప్పా?’ అని నన్నడిగారు. నాకూ తెలియలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది వంశధార ఎడమ గట్టు. శ్రీముఖలింగానికి దిగువన, మడపాం వంతెనకు ఎగువన ఉంటుంది. ఊరి పేరు ఇందులో రాయడం లేదు. కేసు నడుస్తోంది, పైగా కేసు వేసినవాళ్లు పరాయివాళ్లు కాదు. నా పేరు, ఫోన్ నంబరు మీకు విడిగా పంపాను. నేను పదిహేడేళ్లుగా డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. పొదుపులు, అప్పులు, తీర్మానాలు, ఎవరేమన్నారో ఆ మాట మారకుండా రాయడం నా పని. ఇదీ అలాగే రాస్తాను.

మాకు ఏటవతలి గట్టు పరాయి ఊరేం కాదు. మా ఆడపిల్లల్ని అటిచ్చాం, అటు పిల్లల్ని ఇటు తెచ్చుకున్నాం. నేనూ అలా వచ్చినదాన్నే. మా కన్నవారిల్లు ఏటవతల. 1984లో పెళ్లయ్యాక నావలోనే ఈ ఊరు వచ్చాను. నావ సగం ఏరు దాటాక ఆపేసి, పెళ్లినావకి కొబ్బరికాయ కొట్టి పావలా ఇవ్వందే గెడ వెయ్యనని కూర్చున్నాడు నావ తాత. మా మామగారు పంచె కొంగు ముడి విప్పి అర్ధరూపాయి ఇచ్చారు. చిల్లర తిరిగి రాలేదని చనిపోయేదాకా చెప్పుకునేవారు.

మామూలు రోజుల్లో డబ్బులుండేవి కావు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇంటికి రెండు కుంచాలు నావ వాళ్లకి తీసి పక్కన పోసేవారు. పొరుగూరి వాళ్లయితే రేవులో డబ్బులిచ్చేవారు. ఏటా పంచాయతీ రేవుకి వేలంపాట పెట్టేది. జ్యేష్ఠంలో నావను ఒడ్డున బోర్లించి, పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరి, తారు కాచి పూసేవారు. ఆ తారు వాసన వచ్చిందంటే ఇక వానలు దగ్గరకొచ్చినట్టే మాకు.

నావ అంటే ఏదో చెక్కముక్క మీద దాటేయడం అనుకునే ఆఫీసర్ల కోసం ఒక మాట చెప్పాలి. ఏరు నిండుగా ఉన్నప్పుడు గెడ నేల అందదు. అప్పుడు నావను గట్టు వెంబడి తాడు కట్టి ఎగువకి లాక్కుంటూ వెళ్లేవారు, రెండు వందల గజాలు పైనే. అక్కడ వదిలి తెడ్డు వేస్తూ ఉంటే ఏటి వాలుకి కొట్టుకుంటూ వచ్చి సరిగ్గా అవతలి రేవు రాయి దగ్గర ఆగేది. ఆ రోజు నీటి రంగు చూసి ఎంత ఎగువకి లాగాలో తాత చెప్పేవాడు. ఇరవై మంది ఎక్కాక ఇరవై ఒకటోవాడు కాలు పెడితే గెడ కింద పెట్టేసి బీడీ ముట్టించేవాడు. వాడు దిగేదాకా నావ కదిలేది కాదు. ఒకసారి అలా దిగినవాడు మా ఊరి సర్పంచే.

మరి వేరే చోట పెట్టుకోరాదా, ఏరు పొడుగుందిగా అని ఒక ఆఫీసులో అడిగారు. మా రేవు దగ్గర ఏరు ఒకే పాయగా వెళ్తుంది, రెండు గట్లూ గట్టి నేల. కాస్త ఎగువకెళ్తే ఇసక మేటలు, నావ అడుగు తగిలిపోతుంది. దిగువన ఏరు వంపు తిరిగి గట్టుని కోస్తూ ఉంటుంది. మా పూర్వులు సరదాకి ఇక్కడ రేవు పెట్టలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీ పేపర్లో రోజూ చూశాం. మాకు గాలి కంటే నీళ్లతో పోయింది. పైన ఒడిశాలో కురిసిన వాన అంతా దిగింది. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తేశారని టముకు వేసేటప్పటికే మా ఊరి చివర ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నావను చింతచెట్టుకి రెండు తాళ్లతో కట్టి ఉంచారు. తెల్లారి చూస్తే నావా లేదు, చింతచెట్టూ లేదు, ఆ చెట్టున్న గట్టూ లేదు. నావ ముక్కలు కొన్ని దిగువన ముళ్లపొదల్లో దొరికాయి. తాత మనవడు ఒక పలక తెచ్చి ఇంట్లో అరుగు మీద వేసుకున్నాడు.

‘ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు’ అంటారు. మా తెప్ప మేం ఏరు దాటకముందే పోయింది.

అప్పటినుంచి అవతలికి వెళ్లాలంటే మడపాం వంతెన మీదుగా తిరిగి వెళ్లాలి. మా అల్లుడి బండి మీద లెక్క చూస్తే 27 కిలోమీటర్లు వచ్చింది. నావలో అయితే బీరకాయ గంప నెత్తిన పెట్టుకుని ఎక్కి, దించకుండానే అవతల దిగేదాన్ని. ఇప్పుడు ఆమదాలవలస మార్కెట్టుకి వంకాయలు, ఆనపకాయలు వేసుకెళ్తే ఆటోకే సగం పోతుంది. అందుకని చాలామంది ఊళ్లోకొచ్చే బేరగాడికే అతను చెప్పిన ధరకి ఇచ్చేస్తున్నారు. ఏరు మారినప్పుడు అవతలి గట్టున పడిపోయిన పొలాలు మా ఊళ్లో కొందరికి ఉన్నాయి. వాళ్లు వాటిని కౌలుకిచ్చి ఊరుకున్నారు.

వేసవిలో నడిచి దాటొచ్చు కదా అంటారు. నిజమే, ఒకప్పుడు మాఘం వచ్చిందంటే చీర ఎగదోపుకుని మోకాలిలోతులో దాటేసేవాళ్లం. శివరాత్రి తర్వాత శ్రీముఖలింగం చక్రతీర్థ స్నానాలకి అవతలివాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని ఇసకలో నడిచొచ్చేవారు. వాళ్లకి నావ కావాల్సింది కార్తీక సోమవారాలకి. ఇప్పుడు మాఘంలోనూ భయమే. ఇసక కోసం మిషన్లు తవ్విన గోతులు నీళ్ల కింద కనపడవు. పోయిన వేసవిలో మా వీధి గేదె ఒకటి అలాంటి గోతిలో దిగి మరి పైకి రాలేదు. ఇసక ట్రాక్టర్లకి మాత్రం ఊరికి దక్షిణాన చక్కటి దారి పడింది. ఆ దారి సర్వే నంబరు ఎంత అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2021 ఆగస్టులో మా అమ్మ పోయింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆటో దొరికేసరికి పదయింది. మడపాం వంతెన మీద ఉండగానే మా తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు, వాన కమ్ముకొస్తోంది, ఇక ఆగలేమప్పా అని. ఇంతకంటే దాని గురించి రాయను.

ఇక గొడవ సంగతి. రేవు దారిని కంచెలో కలుపుకున్నాయన నాకు వరసకి బావగారు. మా ఆయన పెదనాన్న కొడుకు. నలభై ఏళ్లలో ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నదాన్ని కాదు. మంచి మనిషి. మా ఇంట్లో పెళ్లికి పందిరి గుంజలు ఆయన తోటలోవే. ఆయన్ని కబ్జాదారు అని రాస్తే నేను ఒప్పుకోను. మీ విలేకరి రాయలేదు, ఫేస్‌బుక్‌లో మా కుర్రాళ్లు రాశారు. తీయించాను.

జరిగింది ఏమిటంటే, ఆయన పాసు పుస్తకంలో ఎకరా 40 సెంట్లుంది. రేవు దారికి ఆనుకుని దక్షిణాన ఆయన పొలం. తిత్లీలో ఏరు 62 సెంట్లు కోసుకుపోయింది. నేల మీద మిగిలింది 78. ఏడాది పాటు ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగారు. పంటకి ఏదో కొంత వచ్చింది గానీ పోయిన నేలకి ఏమీ రాలేదు. పుస్తకంలో మాత్రం ఎకరా 40 అలాగే ఉంది. అటు తర్వాత రీసర్వే వచ్చింది. డ్రోను ఎగరేశారు. అప్పటికి నావ ఆగి కొన్నేళ్లయింది, నడిచే మనిషి లేక దారి నిండా సర్కారు తుమ్మ మొలిచింది. పైనుంచి చూసిన డ్రోనుకి ముళ్లపొదలు కనిపించాయి, దారి కనిపించలేదు. మీ హద్దు చూపించండి అంటే బావగారు చూపించారు. పుస్తకం లెక్కకి నేల చాలక వెతుకుతున్న సర్వే వాళ్లు ఆ పొదల్ని కూడా ఆయన ఎల్‌పీఎం నంబరులో, అంటే రీసర్వేలో ఆయన భూమికిచ్చిన కొత్త నంబరులో, కలిపేశారు. ఏట్లో పోయింది దారిలో పూడ్చుకున్నట్టయింది. పోనీ అలా అయినా ఆయన లోటు తీరిందా అంటే 62 సెంట్లకి వచ్చింది ఆరే. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో నిజంగా నాకు తెలియదు.

నోటీసు ఇచ్చాం, గడువులోపల ఎవరూ అభ్యంతరం చెప్పలేదు అన్నారు ఆఫీసులో. పక్క పొలం వాళ్లకి ఇచ్చారు, ఇచ్చినట్టు సంతకాలూ ఉన్నాయి. రేవు దారికి నోటీసు ఎవరికిస్తారు? ఏరు వచ్చి సంతకం పెట్టదు కదా.

రెండేళ్ల కిందట ఆయన సిమెంటు స్తంభాలు పాతి ముళ్ల తీగ లాగారు. మేం పాత దారి శుభ్రం చేద్దామని కత్తులు పట్టుకుని వెళ్లిన రోజున మాటా మాటా అనుకున్నారు. నా చీర కొంగు తీగకి పట్టుకుని జానెడు చిరిగింది. అది విడిపించింది కూడా బావగారి కోడలే. మర్నాడు ఆయన కోర్టులో ఇంజంక్షన్ దావా వేశారు. ప్రతివాదుల్లో నా పేరు నాలుగోది. అప్పటినుంచి ఏ ఆఫీసుకెళ్లినా ఒకటే మాట, ‘కోర్టులో ఉందమ్మా, స్టేటస్ కో ఉందమ్మా’ అని. అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచాలని.

సరే అని కాగితాలు పట్టుకున్నాను. సమాచార హక్కు కింద పది రూపాయల స్టాంపు అంటించి పాత రికార్డు నకలు అడిగాను. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఊరూరా సెటిల్మెంటు చేసి రాసిన ఫెయిర్ అడంగల్ అది. అందులో మా రేవు దారికి విడిగా నంబరుంది. పోరంబోకు, ఎనిమిది సెంట్లు. భూమి కొలతలుండే పాత ఎఫ్‌ఎంబీ పటంలో పొడవు నాలుగు గొలుసులు, వెడల్పు ఇరవై లింకులు. గొలుసుకి 66 అడుగులు కాబట్టి వెడల్పు పదమూడు అడుగుల పైన కాస్త. ఎడ్లబండి వెళ్తూ ఉంటే పక్కన గంప నెత్తినున్న మనిషి తప్పుకుని నిలబడేంత చోటు. నాలుగు గొలుసుల్లో ఏటి వైపు ఒక గొలుసు పొడవు తిత్లీలో పోయింది. అంటే ఎనిమిదిలో రెండు సెంట్లు ఏరు తీసుకుంది, ఆరు మిగిలాయి. ఊరు పోగొట్టుకున్న ఆ రెండు సెంట్ల కోసం మేం ఎవరి చేనూ అడగడం లేదని కూడా రాసుకోండి.

తర్వాత బావగారి దావా కాగితం తీయించి మా వకీలుగారి చేత షెడ్యూలు, అంటే దావా భూమికి నాలుగు వైపులా హద్దులు రాసిన చోటు, చదివించాను. తూర్పు పంచాయతీ రోడ్డు, దక్షిణం వేరొకరి జిరాయితీ, పడమర వంశధార ఏరు. ఉత్తరం దగ్గర ఆయన ఆగి కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. ఉత్తరం, రేవు దారి.

తన భూమి రేవు దారి దగ్గర ఆగిపోతుందని బావగారే రాసి సంతకం పెట్టారు. పాత దస్తావేజులో ఉన్న హద్దులు చూసి వకీలు రాసేసి ఉంటారు. దావా వేసిన భూమి దారికి దక్షిణాన ఉంది. దారి అందులో లేదు. మరి కోర్టు స్టేటస్ కో దారి మీద ఎలా ఉంటుంది? భూమి ఎంత, ఎవరిది, పోయిన 62 సెంట్ల మాటేమిటి, అదంతా కోర్టు తేలుస్తుంది, తేల్చనివ్వండి. ఎన్నేళ్లయినా పట్టనివ్వండి. దానికీ మా నావకీ ముడి పెట్టకండి అన్నదే మా మాట. ‘కోర్టులో ఉంది’ అనే ఆఫీసర్లు ఆ షెడ్యూలు నాలుగు లైన్లు చదివి ఆ మాట అంటే బాగుంటుంది. నేను మూడు ఆఫీసుల్లో నకలు ఇచ్చాను. ఒక చోట దాని మీద టీ గ్లాసు పెట్టారు. గుండ్రటి మచ్చతో ఉన్న ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది, ఎందుకంటే వెనక్కి ఇచ్చేశారు.

రెండో అడ్డం, నావ అంటేనే ఆఫీసర్లకి టెన్షన్. అది నాకు అర్థమవుతుంది. 2017లో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోట్లు మునిగి ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఎవరు సంతకం పెడతారు? కానీ ఏ పద్ధతీ లేకుండా దాటించమని మేం అడగడం లేదు. రేవుల సంగతి చూడ్డానికి 1890 నుంచి కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం ఉంది. 2021లో కొత్తగా ఇన్లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఎంతమందిని ఎక్కించాలో నావ మీద రంగుతో రాయించండి, లైఫ్ జాకెట్లు లేనిదే కదలకూడదనండి, గొట్టాలో గేట్లు ఎత్తిన రోజున రేవుకి తాళం వేయండి. జాకెట్లు కొనడానికి మా సంఘాలు తీర్మానం చేశాయి, నేనే రాశాను. నావ తాత పోయాడు గానీ మనవడున్నాడు. గుజరాత్‌లో వీరావల్ బోట్లలో ఏడేళ్లు పనిచేసి వచ్చాడు. సముద్రం చూసినవాడికి ఏరు లెక్కా అంటే వాడు ఒప్పుకోలేదు. ‘సముద్రం ఎలా ఉంటదో తెలుస్తాది పిన్నీ, ఏరు రోజుకో రకం’ అన్నాడు. అలా అన్నాడు కాబట్టే వాడి మీద నాకు నమ్మకం.

వంతెన వస్తుంది కదా, నావెందుకు అనే నాయకులకి ఏం చెప్పను. వంతెనకి కొలతలు నా ఎదుటే రెండుసార్లు వేశారు. కొలిచినవాళ్లకి మజ్జిగ ఇచ్చింది నేనే. వంతెన వచ్చిన రోజున నావను మేమే ఒడ్డున బోర్లిస్తాం.

ఇంకో సంగతి. రేవు కోసం మా కుర్రాళ్లు కరపత్రం వేశారు. శాలిహుండం బౌద్ధ భిక్షువులు ఈ రేవులోనే దాటారని, కళింగ రాజుల ఏనుగులు ఇక్కడే దిగాయని రాశారు. ఎవరు చెప్పార్రా అంటే, ‘దాటే ఉంటారు కదా పెద్దమ్మా’ అన్నారు. శాలిహుండం కొండ మీద స్తూపాలున్న మాట నిజం, 1919లో వాటిని బయటి లోకానికి చూపించింది గిడుగు రామమూర్తిగారు. ఆయన పుట్టింది కూడా ఈ ఏటి ఒడ్డునే, పర్వతాలపేటలో. ప్రజలు మాట్లాడే మాటే రాయాలని పోరాడిన మనిషి ఊరి పక్కన ఉండి, మనం లేనిపోనివి రాస్తే ఎలా అని ఆ రెండు లైన్లు కొట్టించాను. మాకు ఏనుగులక్కర్లేదు. ఎనిమిది సెంట్ల పోరంబోకు అని రాసిన ఒక లైను చాలు.

పోయిన గ్రామసభలో మళ్లీ అర్జీ ఇచ్చాం. ఈసారి వచ్చిన మండల సర్వేయరు చిన్నపిల్లాడు, షెడ్యూలు మొత్తం నిలబడే చదివాడు. వచ్చే శనివారం వస్తానన్నాడు. రోడ్డు వైపు మొదటి సర్వే రాయి ఇంకా ఉంది. బావగారి గడ్డివాము కింద సగం పూడి, పైన బాణం గుర్తు కనిపిస్తూ ఉంటుంది. అక్కడి నుంచి గొలుసు లాగితే మూడు గొలుసుల దూరం తేలడానికి అరగంట పట్టదు. కొలిచిన రోజునే ఆయన ఏటిపాలైన 62 సెంట్లు కూడా కొలిచి ‘ఏరు’ అని రికార్డులో రాయమని మేమే అర్జీలో పెట్టాం. ఆయన నష్టం ఎంతో కాగితం మీదకి రావాలి కదా. ఆ ముక్క రాసినందుకు మా వాళ్లలో ఇద్దరు నా మీద అలిగారు.

మీ విలేకరిని శనివారం పొద్దున్న పంపండి. గొలుసుకి ఒక కొస పట్టుకోవడానికి బావగారి మనవడు వస్తానన్నాడని ఆయన కోడలు నిన్న కుళాయి దగ్గర చెప్పింది. బావగారు వస్తారో రారో చెప్పలేదు. ఆయనకని ఒక కుర్చీ మాత్రం గడ్డివాము నీడలో వేయిస్తున్నాను.

ఇట్లు,
డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసే ఒక మనిషి,
వంశధార ఎడమ గట్టు, శ్రీకాకుళం జిల్లా